అత్త వడ్డాణంలోంచి తీసిన బిళ్ళలు

మా మనవరాలు సుమ బరువు చూసుకునే మిషను మీద నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే నాకు మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది. బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, పదిమందికి బుద్ధులు చెప్పగలది, ఆ జానెడు పలక ముందు మాత్రం పరీక్ష తప్పిన పిల్లయిపోతుంది. మొదటి వారంలో మూడు కిలోలు తగ్గానని ఇంటిల్లిపాదికీ మైసూరుపాకు పంచింది, తను ముట్టకుండా. రెండో వారం ముప్పాతిక కిలో తగ్గింది. మూడో వారం ముల్లు కదలనే లేదు. దాంతో నిన్న పొద్దుటినుంచి నిమ్మకాయ నీళ్ళు తప్ప ఏమీ నోట పెట్టడం లేదు. "నాది మొండి ఒళ్ళు అవ్వా, ఇది కరగదు" అంటుంది. నేను లేచిపోయి, నా పాత ట్రంకుపెట్టె తెరిచి, అడుగున పసుపు గుడ్డలో మూటగట్టి ఉన్నవాటిని తెచ్చి దాని అరచేతిలో పోశాను. బొటనవేలి గోరంత వెడల్పున్న వెండి బిళ్ళలు నాలుగు, నల్లబడిపోయి ఉన్నాయి. "ఇవేంటి అవ్వా?" అంది. "మా అత్త కొవ్వు" అన్నాను. ఏడుపు మర్చిపోయి నావైపు చూసింది. ఇంక చెప్పక తప్పలేదు.

మా పుట్టిల్లు ఆత్మకూరు. ఊరు దాటి కాస్త దూరం పోతే నల్లమల అడవి మొదలవుతుంది. మా నాయనది బుడ్డల వ్యాపారం. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. దసరా దాటిందంటే ఊరి చుట్టుపక్కల చేలలో పెరికిన కాయలన్నీ బండ్లమీద మా కళ్ళానికి వచ్చేవి. పచ్చికాయ వాసన, దానికంటుకున్న ఎర్రమట్టి వాసన, ఎండుతున్న ఆకుల వాసన కలిసి మా ఇంట్లో కట్టుబట్టల నుంచి మజ్జిగ ముంత దాకా అన్నిటికీ పట్టేసేవి. ఈ రోజుకూ ఎక్కడైనా ఉడికించిన కాయల బండి కనబడితే నేను కాళ్ళీడ్చుకుంటూనైనా దాని దగ్గరికి పోతాను, కొనడానికి కాదు, నిలబడి వాసన చూడడానికి. నన్ను కన్న నెలకే మా అమ్మ కన్ను మూసింది. నాయన అక్క ఓబుళమ్మత్త అప్పటికే భర్తపోయి మా ఇంట్లో ఉండేది. నన్ను పెంచింది ఆమే, ఇల్లు నడిపిందీ ఆమే, మా నాయనను హద్దులో పెట్టిందీ ఆమే.

అత్తది మంచి లావు శరీరం. దాని గురించి నేను మర్యాదగా దాటేసి రాస్తే ఆమె పైనుంచి నన్ను తిడుతుంది, ఉన్నదున్నట్టు చెప్పడమే ఆమెకు ఇష్టం. పొద్దున లేచి పొయ్యి ముట్టించింది మొదలు ఆమె ఒడిలో గుప్పెడు వేయించిన బుడ్డలు, నిమ్మకాయంత బెల్లంముక్క ఉండవలసిందే. సంగటి కెలుకుతూ ఒకటి, పప్పు ఎనుపుతూ ఒకటి, కూలివాళ్ళను కేకలేస్తూ ఒకటి నోట్లో వేసుకునేది. కూర్చుని తినేటప్పుడు నాయన కంటే తక్కువే తినేది కాబట్టి తను అసలు తిండే తిననన్నది ఆమె గట్టి నమ్మకం. నడుముకు మాత్రం వెండి బిళ్ళల వడ్డాణం, మామ పోయినా తియ్యలేదు. ఎవరైనా మూతి తిప్పితే, "ఆయన్ను చూసి పెట్టుకోలేదు, నడుముకు ఆసరా అని పెట్టుకుంటి" అనేది. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె వంగి తన పాదాలు తాను అందుకోలేకపోయేది. సాయంత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పాదాలు కడిగి, పగుళ్ళలో ఆముదం రాసి, ముల్లుంటే పిన్నీసుతో తీసేదాన్ని. "నా కాళ్ళు యాడుండాయో నీకే తెల్సమ్మే మల్లీ, నేను చూసి శానా కాలమాయ" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు వెనక ఏముందో తర్వాత తెలిసింది.

నేను పుట్టినప్పుడు పిల్లి కూనంత ఉన్నానట. అమ్మ పోయింది, నేనూ పోతానని అందరూ అనుకున్నారు. అత్త నన్ను గుడ్డలో చుట్టి గుండెలకు పెట్టుకుని శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుంది: ఈ పిల్ల బతికితే దీన్ని తీసుకుని, నా కాళ్ళ మీద నడిచి నీ కొండకొస్తాను అని. అందుకే నా పేరు మల్లమ్మ. నేను బతికాను, మొక్కు మాత్రం వెనకబడింది. ఒక ఏడు కరువు, ఒక ఏడు దారిలో కలరా, ఒక ఏడు నాయనకు జ్వరం. ఈలోపల ఆమె ఒళ్ళు పెరుగుతూ వచ్చింది. నాకు పదేళ్ళప్పుడు తెగించి శివరాత్రికి బయలుదేరింది. అప్పట్లో కొండకు మోటారు దారి లేదు. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి పోవలసిందే. నడవలేనివాళ్ళను డోలీలో మోసేవాళ్ళు. పెచ్చెరువు దగ్గర అత్త మోకాళ్ళు వాచి కదలలేకపోయింది. డోలీ పిలిచారు. "పైకి మోసుకుపోతాం తల్లీ" అని వాళ్ళు అంటే, "ఒకరి భుజాల మీద దేవుని కాడికి పోను. ఎనక్కి పదండి" అంది. నలుగురు మోసే డోలీకి ఆరుగురు పట్టారు. ఆ డోలీ పట్టపగలు ఆత్మకూరు బజారులోంచి మా ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా ఊళ్ళో ఎవరైనా బరువు మూట ఎత్తుతూ, "ఇదేంది ఓబుళమ్మ డోలీ మాదిరుండాది" అనడం మేం చెవులారా విన్నాం. అత్త బజారుకు పోవడం మానేసింది. నాకెప్పుడైనా ఒళ్ళు వెచ్చబడితే మాత్రం వణికిపోయేది, మొక్కు తీరలేదు కాబట్టి దేవుడు నన్ను వెనక్కు అడుగుతాడని.

నాకు పన్నెండేళ్ళ వయసులో దసరా వెళ్ళాక, కర్నూలు నుంచి వచ్చిన ఒక డాక్టరు ఆమె మోకాళ్ళు చూసి ఒక్క మాట చెప్పాడు. మందులతో పనిలేదు, శివరాత్రిలోగా ఒక మణుగు తగ్గితే ఆ మోకాళ్ళు కొండెక్కుతాయి అని. మణుగంటే ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు. మణుగుకు ఎనిమిది వీశెలు. మా ఇంట్లో వీధిగుమ్మం కంటే పెద్ద కాటా ఉంది, ఇంక కావలసిందేముంది? కళ్ళంలో కాయల మూటలు తూచే ఆ కాటా కాసింసాబుది. అంటే సొత్తు మాది, పెత్తనం ఆయనది. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో తూకం ఆయన చెయ్యే. కూలివాళ్ళు సంగటికి పోయిన వేళ చూసి, గోనెపట్టాలు అడ్డం కట్టించి, అత్తను మూటలు పెట్టే చెక్క మీద కూర్చోబెట్టారు. కాసింసాబు మొహం అటు తిప్పుకుని కాటా ముల్లు తప్ప మరొకటి చూడలేదు. ఎదుటి పళ్ళెంలో మొదటి మణుగు గుండు వేసి, ఎప్పటి అలవాటు చొప్పున "లాభం" అని కేకేశాడు. తూకం వేసేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. అత్తకు చిర్రెత్తింది. "ఏమప్పా కాసిం, తగ్గల్లని నేను కూచుంటే లాభమంటావే!" అంది. "కాటా మాట అక్కా, అది మారదు" అని ఆయన రెండు, మూడు అంటూ ఎనిమిది గుండ్లు వేశాడు. ముల్లు నడిమధ్య నిలిచింది. ఎనిమిది మణుగులు.

ఆ రోజునుంచి అత్త ఒడిలో బుడ్డలు లేవు, బెల్లం లేదు. సంగటి ముద్ద సగం, ఆకుకూర, ఉలవకట్టు, పల్చటి మజ్జిగ. వారం తిరిగి తూచితే రెండు వీశెలు తగ్గింది. మా నాయన ఆనందం పట్టలేకపోయాడు. అరుగు మీద బొగ్గుముక్కతో లెక్క వేశాడు. వారానికి రెండు వీశెలు, శివరాత్రికి పద్దెనిమిది వారాలు. "అక్కా, శివరాత్రికి నువ్వు మూడున్నర మణుగులే! మల్లి కంటే రవ్వంత ఎక్కువ, అంతే!" అని వీధికి వినబడేలా అరిచాడు. ఇందులో వింతేమిటంటే, పచ్చికాయ ఎండుతుంటే మొదటి మూడు రోజుల తరుగు చూసి తర్వాత తరుగు లెక్కగట్టినవాణ్ణి మా నాయన వెర్రివాడనేవాడు. పెరికిన కాయ తొలి ఎండలకు ధడాలున తగ్గుతుంది, ఆపైన నిలిచిపోతుంది. ఆ సంగతి మా ఇంట్లో నాకూ తెలుసు. కాయ విషయంలో ఎన్నడూ చెయ్యని తప్పు అక్క విషయంలో చేశాడు. ప్రేమ అంటే అంతేనేమో. ఊరివాళ్ళు ఆ లెక్క విని నవ్వారు, కానీ అత్త నమ్మింది. బజారుకు పోవడం మళ్ళీ మొదలుపెట్టింది కూడా.

రెండో వారం అర వీశె తగ్గింది. మూడో వారం ఏమీ లేదు. అత్త కాటాను వదలకుండా పట్టుకుంది. పొద్దున ఒకసారి, నీళ్ళు తాగకముందొకసారి, తాగాకొకసారి, కడియాలు తీసి ఒకసారి. నాలుగో వారం చూస్తే పావు వీశె పెరిగింది. ఆ రోజు ఆమె మొహం నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. మరుసటి రోజు నుంచి తన సంగటి ముద్ద తీసుకుపోయి కొట్టంలో ఎద్దుకు పెట్టడం నేను చూశాను. నన్ను చూసి వేలు నోటిమీద పెట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను. నా మొక్కు కోసమే కదా అనే భయం ఒకటి, అత్త మాట జవదాటకూడదనే వెర్రి ఒకటి. ఐదు రోజులు మజ్జిగతేటతో గడిపింది. ఐదో రోజు పొద్దున కళ్ళంలో కాయ తిరగేయిస్తూ, కూలివాళ్ళను ఒక కేక వేసి, రెండో కేకకు నోరు తెరిచి, అలాగే కాయల మీద పడిపోయింది. నేను చచ్చిపోయిందనుకున్నాను. "ఐదు దినాలుగా ఏమీ తిన్లేదు, నాకు తెల్సు, నాకు తెల్సు" అని నేను అరిచిన అరుపుకు మా నాయన నన్ను ఒక్కటి పీకాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే, అది నాకు రావలసిందే.

నీళ్ళు చల్లి, రాగిజావ గుక్కగుక్కగా పట్టించాక అత్త కళ్ళు తెరిచింది. తెరవడంతోనే, "కాటా కట్టు కాసిం, ఇప్పుడు చూడల్ల" అంది. కాసింసాబు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు పెంచాడు. కాటా చెక్కను గొలుసులతో సహా దించి గోడకానించాడు. "పున్నమి దాకా ఈ కాటా నిన్ను తూచదు అక్కా. తూచితే నా చెయ్యి కాదు" అన్నాడు. తర్వాత ఆమె ఎదురుగా గొంతుకూర్చుని, ఎండిన కాయొకటి తీసి చెవి దగ్గర ఊపి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది పెరికిన్నాడు మూట ఎంత తూగె? మూడు దినాలకు ఎంత తగ్గె? పోయిందేంది అక్కా?"

"నీళ్ళు" అంది అత్త నీరసంగా.

"ఆ తర్వాత పదిదినాలు ఎండబెడితే ఏమైనా తగ్గుతాదా? గింజ మాడుతాది, అంతే. లోపలుండే నూనె ఎండకు పోదు. దాన్ని గానుగలో ఏసి తీయల్ల. ఎద్దు మెల్లగా తిరగల్ల. జల్దీ జల్దీ అని ఎద్దును పరిగెత్తిస్తే నూనె రాదు, ఎద్దు పోతాది. మొదటి వారం నీకు పోయింది నీళ్ళక్కా. ఇప్పుడు నువ్వు తీయాల్సింది నూనె. వారానికి అర వీశె వస్తే గొప్ప. ఒక వారం రాకపోయినా గానుగ నిలపగూడదు."

మా నాయన పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. బొగ్గు లెక్క తనే వెళ్ళి నీళ్ళతో కడిగేశాడు. అత్త చాలాసేపు ఆ కాయను చేతిలో తిప్పుతూ కూర్చుని, చివరికి ఒలిచి నోట్లో వేసుకుంది. "ఉప్పు తగ్గింది" అంది. దాంతో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అప్పటినుంచి పున్నమికొకసారి, అమావాస్యకొకసారి తప్ప అత్తకు కాటా కట్టలేదు. రోజూ తెల్లవారక ముందే నేనూ అత్తా నాగలూటి దారిలో నడిచేవాళ్ళం. మొదట్లో ఊరిచివర చింతచెట్టు దాకా, నెలకల్లా వాగు దాకా, సంక్రాంతి నాటికి అడవి మొదలు దాకా. మూడు పూటలా తినేది, కానీ కూర్చునే తినేది. నిలబడి ఏది నోట్లో వేసుకోబోయినా నేను చెయ్యి పట్టుకోవాలని ఒప్పందం. పట్టుకున్నందుకు నాకు తిట్లు, పట్టుకోకపోతే ఇంకా ఎక్కువ తిట్లు. ఒక అమావాస్య తూకంలో మళ్ళీ ఏమీ తగ్గలేదు. అత్త మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం ఆమె పాదాలు కడిగి లేస్తుంటే నా చెయ్యి వడ్డాణానికి తగిలింది. వడ్డాణం తిరిగింది! ఎప్పుడూ కండలోకి దిగి గీత పెట్టే వడ్డాణం, నా చేతికింద గిర్రున తిరిగింది. "అత్తా, ఇది వదులైండాది!" అని నేను కేక పెడితే ఆమె నమ్మలేదు. లేచి నిలబడి తనే రెండు చేతులతో తిప్పి చూసుకుంది. మొదటి వారం రెండు వీశెలు పోయినప్పుడు ఇది వెంట్రుకంత కూడా వదులు కాలేదు. కాటా నిలిచిపోయిన పక్షంలో వదులైంది. మరుసటి రోజు కంసాలి వచ్చి ఒక బిళ్ళ తీసి అతికాడు. శివరాత్రికి మొత్తం ఆరు బిళ్ళలు తీశాడు. బయలుదేరే ముందు తూకంలో ఆమె ఏడు మణుగులకు ఒక వీశె తక్కువ. మా నాయన లెక్కలో సగం కూడా కాదు. డాక్టరు అడిగినదాని కంటే ఒక వీశె ఎక్కువ.

ఇక్కడికి వచ్చేసరికి సుమ నన్ను ఆపింది. ఆరు తీస్తే నాలుగే ఉన్నాయేమని. బ్యాంకు బుద్ధి. ఆ ఆరూ అత్త దాచింది జ్ఞాపకానికి కాదు, మళ్ళీ లావైతే అతికించుకోవచ్చని. తర్వాతి ఏడు మంచి పంటకు రెండు బిళ్ళలు తిరిగి వడ్డాణంలోకి పోయాయి కూడా. "నాకు సిగ్గేముండాది? నాలుగు నా చేతిలో ఉండాయి కదా" అనేది. ఆ నాలుగూ ఆమె బతికున్నంతకాలం మూటలోనే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి వీధిలోనూ బరువు తగ్గించే కాగితాలు ఇస్తున్నారు, పది రోజుల్లో పది కిలోలని గోడల మీద రాస్తున్నారు. తూకానికి మిషన్లు వచ్చాయి, వాటి పక్కన గొంతుకూర్చుని కాయ చేతిలో పెట్టి చెప్పే కాసింసాబు మాత్రం రాలేదు. మిషను ఎన్నిసార్లెక్కినా ఎక్కనిస్తుంది, అదే దాని తప్పు. ఈ మాట అన్నందుకు మా అల్లుడు నన్ను పాతకాలం మనిషి అన్నాడు. అనుకోనీ.

శివరాత్రికి మేం నడక మొదలుపెట్టిన రోజు ఊరిచివర ఎవరు ఎదురయ్యారనుకున్నారు? రెండేళ్ళ కిందట అత్తను వెనక్కు మోసుకొచ్చిన డోలీ వీరన్న, ముగ్గురు మనుషులతో, ఖాళీ డోలీతో. "అమ్మా, మీ ఎంబడే వస్తాం. ఈసారి యాడ ఎక్కుతావో చెప్తే ఆడనే కాసుకోనుంటాం" అన్నాడు. వెటకారమో, బేరమో నాకు తెలియలేదు. అత్త కోప్పడలేదు. "రాప్పా, దారి నీ అబ్బసొత్తూ కాదు, నా అబ్బసొత్తూ కాదు" అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. వాళ్ళ ముందు మా పరువు నిలబెట్టాలని మొదటి రెండు రోజులూ మేకపిల్లలా ముందు పరుగెత్తాను. నాయన కంటే ముందు, భజన వాళ్ళ కంటే ముందు. అత్త తన తీరున తను వచ్చేది. ఇరవై అడుగులు, ఒక ఊపిరి, మళ్ళీ ఇరవై అడుగులు. లెక్క తప్పకుండా పెదాలతో గొణుక్కునేది. దగ్గరికి పోయి వింటే కాసింసాబు లెక్క: "లాభం, రెండు, మూడు..." రెండేళ్ళ కిందట మోకాళ్ళు వాచిన పెచ్చెరువు గట్టు మీద ఆమె ఆగి మజ్జిగ తాగింది. వీరన్న మనుషులు డోలీ దించి ఆశగా చూశారు. ఆమె మూతి తుడుచుకుని లేచి, "లాభం" అంది.

భీముని కొలను దగ్గర లోయలోకి రాతిమెట్లు దిగి, మళ్ళీ అవతలి వైపు నిట్టనిలువు మెట్లు ఎక్కాలి. దిగడం దిగేశాను. కొలను నీళ్ళలో కాళ్ళు పెట్టేసరికి తెలిసింది, రెండు మడమలూ బొబ్బలెక్కి చితికిపోయి ఉన్నాయి. రెండు రోజుల పరుగు అక్కడ నన్ను పట్టుకుంది. అవతలి మెట్లు ఒక పాతిక ఎక్కి కూలబడ్డాను. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేనని బావురుమన్నాను. అత్త నన్ను కిందికి పంపలేదు, తిట్టలేదు. నాయనతో నీళ్ళు తెప్పించి, నా పాదాలు శుభ్రంగా కడిగించి, తన పమిట చెంగు చించి కట్టించింది. తర్వాత వెనక్కి తిరిగి, "వీరన్నా, రెండు దినాలుగా ఉత్తదాన్ని మోసి మోసి మీకూ విసుగొచ్చుంటాది. రా, ఈ పిల్లను కూచోబెట్టుకో" అంది. వీరన్న నవ్వలేదు, తలగుడ్డ తీసి నడుముకు కట్టుకుని నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. ఆ విధంగా ఓబుళమ్మ డోలీలో ఓబుళమ్మ కాకుండా నేనెక్కాను. ఆమె నా పక్కన డోలీ కర్ర మీద చెయ్యి వేసి, ఇరవై మెట్లకొక నిలుపు చొప్పున, మెట్ల చివర ఉండే కైలాసద్వారం దాకా ఎక్కింది. మోసేవాళ్ళు ఆమె నిలిచినప్పుడల్లా నిలిచారు. పైకి వచ్చేసరికి వాళ్ళు కూడా ఆమెతో కలిసి "లాభం" అంటున్నారు. నాకు సిగ్గూ గర్వమూ ఒక్కసారే ముంచుకొచ్చి, ఏడ్చింది దేనికో నాకే తెలియలేదు.

నడిచొచ్చినవాళ్ళు శ్రీశైలంలో స్నానం చెయ్యకుండా, దారి దుమ్ము కాళ్ళతోనే నేరుగా పోయి మల్లన్నను తాకుతారు. ధూళి దర్శనం అంటారు. గుడి వాకిట డోలీ దించారు. నేను కుంటుకుంటూ దిగి, కట్లు విప్పి చూసుకుంటే నా పాదాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క రేణువు దుమ్ము లేదు. అంతవరకూ లేని భయం పట్టుకుంది నన్ను. మొక్కు నా కోసం, వచ్చింది నేను డోలీలో, పాదాల మీద దారి లేదు, దేవుడు ఒప్పుకోడేమో అని. "అత్తా, నాకు దుమ్ము లేదు" అన్నాను ఏడుపుగొంతుతో.

అత్త నన్ను చూసింది, నా కాళ్ళను చూసింది. తర్వాత, ఆ జనంలో, గుడి వాకిట్లో, ఎవరి భుజమూ పట్టుకోకుండా, మెల్లగా గొంతుకూర్చుంది. నేను పుట్టి పన్నెండేళ్ళలో ఆమె అలా కూర్చోవడం చూడలేదు. మూడు రోజుల ఎర్రదుమ్ము మెత్తిన తన పాదాలను తనే రెండు చేతులా అందుకుంది. ఒక ఘడియ వాటిని అలాగే పట్టుకుని, చాలాకాలానికి ఎదురైన తోబుట్టువులను చూసినట్టు చూసింది. ఆ దుమ్మంతా అరచేతులతో ఊడ్చి, నా పాదాలకు, మడమల బొబ్బలు తప్పించి, వేలి సందులదాకా పూసింది.

"ఇద్దరికీ సరిపోతాది. శానా నడిచినాను" అంది. నా చెయ్యి పట్టుకోకుండానే లేచి నిలబడింది.